నెలాఖరు కూర

మా పెద్ద తోటికోడలు పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను పొయ్యి ముందు నిలబడి, ఈ పూట ఏం వండాలా అని ఆలోచిస్తున్నాను. తెల్లవారుజామున నిద్రలోనే పోయిందట. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది నీరసం. ఏం వండాలా అన్న ఈ దిక్కుమాలిన ప్రశ్నని నాకంటే ముందు నుంచీ మోసిన మనిషి ఆవిడ.

ఆవిడది ఆనందపురం దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. నాది గోదావరి జిల్లా. ఇద్దరం కంచరపాలెంలో, రైలు పట్టాల పక్క సందులో, ఒకే వంటింట్లోకి కోడళ్ళుగా వచ్చి పడ్డాం. నేను ఎనభైల్లో వచ్చాను. అప్పటికి బావగారికి పోర్టులో ఉద్యోగం. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులవి. మా ఆయన అక్కడ ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. ఉద్యోగం ఉండేది, జీతమే ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. అత్తగారు లేరు. మామగారికి, పిల్లలకి, వచ్చేపోయే చుట్టాలకి అందరికీ బావగారి జీతంతోనే వండాలి. ఆ పెత్తనం ఆవిడది.

కాపురానికి వెళ్ళిన మొదటి నెల నాకేమీ అర్థం కాలేదు. జీతాలు వచ్చిన ఆదివారం సందంతా వేటమాంసం వాసన. మా ఇంట్లో తోటకూర పులుసు. మర్నాడు ఉలవచారు. ఆ మర్నాడు మళ్ళీ ఆకుకూరే. ఈవిడ పిసినారి అని తేల్చేసుకున్నాను. నాకు నోరు ఆగదు, అడిగేశాను కూడా.

“జీతం వచ్చింది కదక్కా, ఒక్కపూట మంచి కూరేదైనా చెయ్యకూడదూ?”

ఆవిడ తోటకూర కాడలకి నార తీస్తూ, తల ఎత్తకుండా చెప్పింది.

“ఒకటో తారీకున సేతిలో డబ్బుంటాది సెల్లీ. డబ్బుంటే మనిసికి దైర్నం ఉంటాది, కూర లేకపోయినా కూడు దిగుతాది. ఆకరి వారం డబ్బుండదు. అప్పుడు కూరైనా ఉండాల.”

నెల సరుకులు ఆవిడ వెనక నుంచి కొనేది. అందరూ ఒకటో తారీఖుకి ఏం కావాలో చూసుకుంటే, ఆవిడ ముప్పయ్యో తారీఖుతో మొదలుపెట్టేది. ముందుగా ఎండురొయ్యలు, ఎండు మెత్తళ్ళు, కందిపప్పు, బెల్లం, కాస్త నెయ్యి కొని, రేకు పెట్టెలో పెట్టి తాళం వేసేది. గంప నెత్తిన పెట్టుకుని వచ్చే చేపలావిడకి కూడా అప్పుడే డబ్బు ఇచ్చేసి, “ఆకరి ఆదోరం కానాగంతలు తెచ్చియ్యాల. మరిసిపోయినావంటే నీ గంప నా ఇంట్లో ఉండిపోతాది” అనేది. మిగిలినదానితో ముందు వారాలు ఎలాగో ఈదేవాళ్ళం. చివరి వారం వచ్చేసరికి సందులో చాలా ఇళ్ళలో గంజీ, పచ్చిమిరపకాయా. మా ఇంట్లో చేపల పులుసు. ఎదురింటి పిల్లలు ఏడుస్తారని ఆ వారం వంటింటి కిటికీ మూసి వండేది. మూస్తే మాత్రం వాసన ఆగుతుందా? ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని వచ్చేవారు. ఈవిడ తిట్టుకుంటూనే పోసేది.

చెబుతుంటే తేలిగ్గానే ఉంటుంది. ఆవిడ మాత్రం అలిసిపోయేది. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక గడప దగ్గర కూలబడి కాళ్ళు చాపుకునేది.

“వొండడానికేటి, ఒళ్ళు అలవాటు పడిపోతాది. ఏటి వొండాలో అనుకోడమే నడుం ఇరిసేత్తంది” అనేది.

నేనూ పక్కన కూలబడేదాన్ని. రాత్రికి ఏమిటన్న మాట ఎత్తకుండా ఇద్దరం కాసేపు ఊరుకునేవాళ్ళం. ఆ ఇంట్లో మాకు దొరికిన విశ్రాంతి అంతే.

మా ఆయన జీతం నెలల తరబడి ఆగిపోయిన ఏడాది, ఎవరి నోటో విని మా నాన్న బయలుదేరి వచ్చారు. రావడం సరిగ్గా నెల మొదట్లో వచ్చారు. తిండికి కూడా ఇబ్బందిగా ఉంటే నన్ను తీసుకెళ్ళిపోతానని గుమ్మంలోనే నా చెవిన వేశారు. నాకు వెళ్ళాలని లేదు. నేను వెళ్ళిపోతే మా ఆయన ఇక ఆ ఇంట్లో తల ఎత్తుకోలేడు. నేను మా ఊళ్ళో తల ఎత్తుకోలేను.

పొయ్యి మీద చూస్తే తోటకూర పులుసు. ఆవిడకి అప్పటికే సంగతి అర్థమైపోయింది, రేకు పెట్టె తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

“ఏటి సేద్దాం? తెరిసెయ్యమంటే తెరిసేత్తాను. మీ నాన్నకి మనం బాగున్నట్టే అగుపిస్తాం. ఆకరి వారం మాత్రం నన్నేటీ అడక్కు.”

తెరిస్తే ఆ పూట గడిచిపోతుంది. నెలాఖరుకి పిల్లల ముందు, ఉత్త చేతులతో ఇంటికొచ్చే మా ఆయన ముందు ఏం పెడతాం?

“వద్దక్కా” అన్నాను.

నాన్న ఆ పులుసుతోనే తిన్నారు. స్టేషనులో రైలెక్కబోతూ, “నా మాట విని బట్టలు సర్దుకోవలసిందమ్మా, ఈ రైలుకే పోయేవాళ్ళం” అన్నారు.

“నెలాఖరుకి మళ్ళీ రండి నాన్నా. అప్పుడు కూడా మీకు అలాగే అనిపిస్తే వచ్చేస్తాను” అన్నాను.

నాకు మతి పోయిందనుకుని ఉంటారు. జీతం రాని ఇంటికి నెలాఖరున ఎవరైనా భోజనానికి పిలుస్తారా? ఇంటికొచ్చి చెబితే ఆవిడ నెత్తి కొట్టుకుంది. “ఓలమ్మో, పిలిసేసి మరీ వచ్చినావా!” అంది. మర్నాటి నుంచి మా మజ్జిగలో ఇంకో చెంబు నీళ్ళు పడ్డాయి.

తర్వాత మా ఆయనకి పర్మినెంటు ఉద్యోగం దొరికింది. వేరు కాపురాలయ్యాయి. దూరాన ఉన్నా ఆవిడ ఫోన్ చేసేది, బాగున్నావా అని ఎప్పుడూ అడిగేది కాదు. “ఏటి వొండినావే?” అనేది. ఏం వండానో చెబితే నేనెలా ఉన్నానో ఆవిడకి తెలిసిపోయేది. ఉత్త చారే అన్న రోజున, ఒంట్లో ఎలా ఉందని నిలదీసేది. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు. నిజం చెప్పొద్దూ, నాకు వండబుద్ధి కావడం లేదు. ఆవిడకి ఎంత రుణపడి ఉన్నానో ఉన్నప్పుడు చెప్పవలసింది, చెబితే తిడుతుందని చెప్పలేదు.

నేను పిలిచిన ఆ నెలాఖరున నాన్న నిజంగానే వచ్చారు. మామగారి పక్కన పీట వేసి, వేడి అన్నంలో కానాగంతల పులుసు పోశాం. చుట్టూ పిల్లలు ముళ్ళు తీసుకుంటూ అల్లరి చేస్తూ తింటున్నారు. చాలా రోజుల తర్వాత మా ఆయన కూడా నవ్వుతున్నాడు. నాన్న అందరినీ ఒకసారి చూసి, తల దించుకుని తినసాగారు. పరాయి మగవాళ్ళ ముందు నోరు విప్పని మా తోటికోడలు గరిటె పట్టుకుని వంటింటి గుమ్మం దాటి వచ్చింది.

“బాబాయిగారూ, మీ అమ్మాయిని తీసుకెల్లిపోతారా, ఇంకో గరిటె పులుసెయ్యమంటారా?”

నాన్న ఎడమచేత్తో కంచం ఆవిడ వైపు కాస్త జరిపారు.