ఇరవై ఒకటో బొట్టు

లోకంలో ఏ వస్తువైనా కొలిస్తే లొంగుతుందని నమ్మిన రోజులవి. నాకప్పుడు ఇరవై ఏళ్లు. జేబులో నోటుపుస్తకం, చెవి మీద పెన్సిలు. లెక్కలు నాకెవరూ నేర్పలేదు (నేర్పి ఉంటే అంత ధైర్యం వచ్చేది కాదు). బస్సు ఎంత ఆలస్యమైందో, మా నాయన కోపం ఎన్ని నిమిషాలు నిలిచిందో కూడా రాసిపెట్టుకునేవాణ్ణి. ఇంతటి మేధావి ఇంట్లో ఉండగా, మా తోతాపురి కాయల లోడు వడమాలపేట నుంచి చిత్తూరు దగ్గరి గుజ్జు ఫ్యాక్టరీకి బయలుదేరింది. వాళ్లిచ్చిన టోకెను సాయంత్రం ఐదు దాకే చెల్లుతుంది. తప్పితే లారీ మళ్లీ వరస చివరికి పోయి నాలుగు రోజులు ఎండలో నిలబడాలి. ఫ్యాక్టరీ అవసరం లేకుండానే ఏడాది పంట లారీలోనే గుజ్జవుతుంది.

బయలుదేరే ముందు లారీకి పూజ. కాణిపాకం నుంచి తెచ్చిన కుంకుమ, ఇంట్లో కలిపిన పసుపు ముద్ద నా చేతికిచ్చారు. అద్దానికి మూడు బొట్లు పెట్టి ఊరుకునే మనిషినా నేను? స్కేలు పెట్టి కొలిచి, ముందు నుంచి వెనకదాకా ఇరవై బొట్లు పెట్టాను. ఇరవై ఒకటోది డీజిలు ట్యాంకు మూతకు.

తోలేది గాలి మామ, పక్కన మా నాయన, నేను. ఇంజనుకు ఏమొచ్చినా, మనిషికి కడుపునొప్పి వచ్చినా "గాలి పట్టింది" అని తేల్చేయడం వల్ల వచ్చిన పేరది. పద్నాలుగు కిలోమీటర్లు పోయాక లారీ రెండు సార్లు దగ్గి ఆగిపోయింది.

"గాలి పట్టుండాది అల్లుడా" అన్నాడు మామ, దిగకుండానే.

ఆయన ఫిల్టరు నట్టు వదులు చేసి చేతిపంపు కొట్టడం మొదలుపెట్టాడు. నేను ట్యాంకు మూత తీసి, కర్ర ముంచి డీజిలు కొలిచాను. మూత తీయగానే బుస్సుమంది. అదీ పక్కన రాసుకున్నాను (మనం ఏదీ వదలం). లారీ స్టార్టయింది. ఆ ఘనత ఆయన చేతిపంపుదని ఆయన, నా కర్రదని నేను అనుకున్నాం. చంద్రగిరి దగ్గర, సరిగ్గా మరో పద్నాలుగు కిలోమీటర్లకు మళ్లీ దగ్గు, మళ్లీ పంపు, మళ్లీ కర్ర.

"నువ్వు రాస్తా ఉండు నాయనా, కాయలు మాగుతా ఉండాయి" అన్నాడు మా నాయన, గడియారం మీంచి చూపు తీయకుండా.

నేను ఊరికే రాయలేదు. డీజిలు ఒక మట్టం దిగగానే లారీ ఆగుతోందని లెక్క తేల్చాను. కాబట్టి ట్యాంకును గొంతుదాకా నింపితే చిత్తూరు దాకా తిరుగుండదు. బంకులో నింపించాను. లారీ ఈసారి మూడు కిలోమీటర్లకే ఆగింది. ఇరవయ్యేళ్లలో ఒక లెక్క నన్ను అంత నేరుగా అవమానించడం అదే మొదలు.

మూడు కావస్తోంది. చింతచెట్టు నీడలో తాటిముంజలు అమ్ముకుంటున్న పెద్దావిడ, నేను మళ్లీ మూత తీసి కర్ర ముంచడం చూసింది.

"ఏమప్పా, ఆ బుస్సు మీకెవురికీ వినపళ్లేదా?"

"రాసుకున్నానమ్మా" అన్నాను.

"రాసుకుంటే సరా? నూనె డబ్బాకు ఒగటే బొక్క పెడితే నూనె కారుతాదా? గాలి పొయ్యేదానికి ఇంగోటి పెట్టల్ల. మీ మూతకు ఆ బొక్క యాడుండాది?"

ముగ్గురం మూత వైపు చూశాం. నా ఇరవై ఒకటో బొట్టు ఎండి, రాయిలా మెరుస్తోంది. దాని కింద ఉండాలి ఆ చిల్లు. నిజానికి పొద్దున నేనే చూశాను దాన్ని. గుంట ఉంటే బొట్టు గుండ్రంగా రాదని పసుపు ముద్దతో పూడ్చి, చదును చేసి, దాని మీద కుంకుమ పెట్టాను. మూత తీసినప్పుడల్లా లోపలికి పోయిన గాలితోనే లారీ కదిలింది; ట్యాంకు నిండాక ఆ కాస్త గాలికీ చోటు లేక మూడు కిలోమీటర్లకే ఆగింది.

"గాలి పట్టిందని నేను ముందే సెప్పినా" అన్నాడు మామ గర్వంగా.

"పట్టలేదు మామా, అందలేదు" అన్నాను.

"ఏదో ఒగటి. గాలే గదా."

పెద్దావిడ తన గాజులకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. చిల్లు పొడిచాను. లారీ మరి దగ్గలేదు. ఐదుకు పది నిమిషాలుండగా ఫ్యాక్టరీ గేటు దాటాం. దారి పొడవునా మా నాయన నన్నేమీ అనలేదు (నూట రెండు నిమిషాలు, అది కోపం కంటే పొడుగు). గేటు లోపల మాత్రం, "ఆ పిన్నీసు ఇచ్చేసినావా?" అని అడిగాడు. ఇవ్వలేదు.

అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఆ నోటుపుస్తకానికి గుచ్చి. మొన్న తెరిచి చూశాను. ఆ రోజు కిలోమీటర్లు కలిపాను, మట్టాలు తీసివేశాను, సగటు కట్టి కింద రెండు గీతలు కూడా గీశాను. పక్కన, మూడు చోట్లా, ముత్యాల్లాంటి అక్షరాలతో "మూత తీయగా బుస్సుమంది" అని ఉంది. పాపం ఆ కుర్రవాడు దాన్నొక్కదాన్నే లెక్కలోకి తీసుకోలేదు. అది అంకె కాదుగా మరి.