కటింగ్ ఆర్డర్ రాని రెండెకరాలు

నా రెండెకరాల చెరకు పొలంలోనే నిలబడి ఎండిపోయింది. నాకంటే నెలన్నర వెనక నాటినవాళ్ళ చెరకు కొట్టించుకుపోయి, నాది వదిలేశారు. వదిలేసినవాడు ఫ్యాక్టరీ సీఈఓ. ఒకప్పటి మా నాయకుడు.

చెరకు సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. పండించేది మేమే అయినా, ఫ్యాక్టరీవాళ్ళు కటింగ్ ఆర్డర్ అనే చీటీ ఇచ్చేదాకా కత్తి పెట్టడానికి లేదు. చీటీ లేని బండిని గేటు దాటనివ్వరు, వేరే ఫ్యాక్టరీకి తోలనివ్వరు. ముందు నాటినవాళ్ళకు ముందు చీటీ రావాలి. ఆలస్యమైతే చెరకు పూత పడుతుంది, లోపల బెండు కట్టి రసం ఇంకిపోతుంది. బాన్సువాడ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలిసిన ముచ్చట ఇది. సీఈఓకూ తెలుసు. ఆ వరస పద్ధతి కావాలని ఫ్యాక్టరీ గేటు ముందు మాతో పాటు తొమ్మిది రోజులు కూర్చున్నది ఆయనే.

అప్పటికి ఆయనకు మీసం కూడా సరిగ్గా రాలేదు. గొంతు మాత్రం ఉండేది. నేను బడి గడప తొక్కినవాణ్ణి కాదు. కిరాణా దుకాణంలో బెల్లం కట్టిచ్చిన పేపరు ముక్కలు కూడబలుక్కొని చదువు నేర్చుకున్నవాణ్ణి. అయినా వినతిపత్రం అనేసరికి నా పక్కన చేరాడు.

"కాకా, నువ్వు రాయి, నేను చదువుత. నువ్వు రాస్తె ఆఫీసర్లకు చెమటలు పట్టాలె."

రాశాను. చదివాడు. చప్పట్లు ఆయనకు పడ్డాయి. అప్పుడు నాకది తప్పనిపించలేదు. నిజం చెప్పాలంటే గర్వంగానే ఉండింది.

ఆ చప్పట్ల మీదనే మండలం గెలిచాడు, తర్వాత జిల్లాకు పాకాడు. మూడుసార్లు కండువా మార్చాడు; మార్చిన ప్రతిసారీ రైతుల కోసమేనని ఒట్టు పెట్టాడు. చివరికి ఓడిపోయాడు. ఇక ఇంట్లో కూర్చుంటాడనుకున్నాం. ఫ్యాక్టరీ కొన్న కొత్త యజమానులు మాకంటే తెలివైనవాళ్ళు. గేటు బయట అరిచే గొంతును లోపలికి తీసుకుంటే పీడ పోతుందని కుర్చీ వేసి సీఈఓను చేశారు. చెరకు గురించి ఆయనకు తెలిసిందల్లా నమలడం, పిప్పి ఊయడం. నమిలింది ఎన్నికలప్పుడు. పిప్పి ఇప్పుడు మా మీద ఊస్తున్నాడు.

ఈ ఏడాది చీటీలు మొదలై నెల దాటాక, నస్రుల్లాబాద్ నుంచి నా పాత దోస్తు వచ్చాడు. ధర్నాలో నా పక్కన పడుకున్న రైతే. పూత పట్టిన నా చెరకును చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఏంది భాయ్, ఇంకా కొట్టలేదా? సాబ్ పుట్టినరోజుకు పోలేదా నువ్వు?"

"ఆయన పుట్టుడుకు నా చెరుకుకు ఏం సంబంధం?"

"అరె, నేను పోయిన. శాలువ కప్పిన, ఫొటో దిగిన. నాలుగో దినం కొట్టేటోళ్ళు నా పొలంల దిగిర్రు. నీకంటె నెలన్నర ఎనుక నాటినోన్ని!"

"సిగ్గు లేదా నీకు?"

"ఉంది భాయ్. చెరుకు పోయేదాక పక్కకు పెట్టిన. ఇప్పుడు పడుతున్న. నువ్వు గూడ గట్లనే చెయ్యి, ఒక్క శాలువతోని పోతది."

నేను శాలువ కొనలేదు. బస్సెక్కి ఫ్యాక్టరీకి పోయాను. మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి లోపలికి పిలిచారు. గోడ నిండా ఆయన ఫొటోలే, ఒక్కదాంట్లోనూ చెరకు గడ లేదు.

"అరే కాకా! పానం మంచిగుందా? చాయ్ తాగుతవా?"

"చాయ్ వద్దు. కటింగ్ ఆర్డర్ గావాలె."

"గదంత కంప్యూటర్ల వస్తది కాకా. నా చేతుల ఏం లేదు."

"శాలువలు గూడ కంప్యూటరే కప్పుకుంటుందా బిడ్డా?"

పక్కనున్న గుమాస్తా దగ్గు తెచ్చుకున్నాడు. సీఈఓ నవ్వలేదు. "రాసియ్యి కాకా. రాసిస్తె చూస్త."

"రాసిస్త. నీకు రాసిచ్చుడు నాకు కొత్తనా?"

ఆయన ఫోను చేతిలోకి తీసుకున్నాడు. నేను లేచాను.

మూడు దరఖాస్తులు పెట్టాను. ఒక్కోదానిలో నాటిన తేదీ, ఫీల్డ్‌మన్ వచ్చి కొలిచిన రోజు, నాకంటే వెనక నాటి ముందు కొట్టించుకున్నవాళ్ళ వివరం, అన్నీ రాశాను. శివరాత్రి పోయింది. గడ విరిస్తే చప్పగా, దూదిలా వచ్చేది. ఫ్యాక్టరీ ఈ ఏటికి క్రషింగ్ ఆపేసిన వారానికి, ఆయన సంతకంతో జవాబు వచ్చింది:

"రైతు గారికి, మీ మూడు దరఖాస్తులు అందినవి. మీ చెరకు పూత పట్టి, బెండు కట్టి, క్రషింగ్‌కు పనికిరాదని మా తనిఖీలో తేలినది. కావున కటింగ్ ఆర్డర్ ఇచ్చుటకు వీలుపడదు. ఇకముందైనా చెరకును సకాలంలో కొట్టించుకొనవలసినదిగా సూచించడమైనది."