దారి చెప్పని డ్రైవరు

నబీ రసూల్ ఇరవై రెండేళ్లు జీపు నడిపాడు. ఏ ఒక్క రోజూ ఎక్కడికి పోతున్నాడో భార్యకు చెప్పలేదు. చెప్పడానికి అతనికీ తెలియదు.

జమ్మలమడుగులో ఒక పెద్దాయన దగ్గర కొలువు. పెద్దాయనకు శత్రువులు ఎక్కువ, పార్టీలు తక్కువ. ఉన్న నాలుగింటిలోకీ ఒక్కో విడత పోయి వచ్చాడు. జీపు ముందు జెండా మారేది. జెండా కర్ర అదే.

పెద్దాయన దారి నోటితో చెప్పేవాడు కాదు. వెనక ఇద్దరు మనుషుల మధ్య కూర్చునేవాడు. కూడలి వచ్చినప్పుడు డ్రైవరు ఎడమ భుజం తడితే ఎడమకు, కుడి భుజం తడితే కుడికి. తట్టకపోతే నేరుగా. కూడలి అవతల ఏముందో డ్రైవరుకు అక్కర్లేదు. తెలియని మాట ఎవరూ లాగలేరు.

ఇంట్లో అడిగితే "వేంపల్లె" అనేవాడు. అన్ని రోజులూ వేంపల్లే. అక్కడ అతనికి ఇంకో సంసారం ఉందని పొరుగువాళ్లు అనుకున్నారు.

"ఉన్నా బాగుండు. యాడ ఎతకాల్నో తెలిసేది" అంది భార్య ఖమర్‌బీ.

తొంభై మూడులో ఆమె వెతకవలసి వచ్చింది. జీపు మీద బాంబులేశారని ఎవరో వచ్చి చెప్పి, ఎక్కడో చెప్పకుండా పోయారు. ఆమె బస్సెక్కి వేంపల్లె వెళ్లింది. ఆసుపత్రి చూసింది. పోలీస్ స్టేషన్ చూసింది. ఈ ఊళ్లో ఈ వారం బాంబులేవీ పడలేదమ్మా అన్నారు, తప్పు తమదే అయినట్టు. రెండు రోజులు బస్టాండులో కూర్చుంది. మూడో రోజు తెలిసింది. జీపు సింహాద్రిపురం దారిలో ఆగింది, మనిషి పులివెందుల ఆసుపత్రిలో ఉన్నాడు.

ఆమె వెళ్లేసరికి అతను తొడకు కట్టు కట్టించుకుని పాలలో రొట్టె ముంచుకుని తింటున్నాడు.

"వేంపల్లె బాగుందా?" అని అడిగింది. మరి నెల రోజులు మాట్లాడలేదు.

పెద్దాయన మీద మొత్తం నాలుగుసార్లు బాంబులు పడ్డాయి. ఒక్కటీ తగల్లేదు. చివరికి చక్కెర వ్యాధితో పోయాడు. మైసూరుపాకు గురి తప్పలేదు.

ఆయన ఎనభై ఆరులో ఏదో సహకార సంఘాల బృందంతో రష్యా వెళ్లి ఆరు రోజులు ఉండి వచ్చాడు. ఆ ఆరు రోజులనూ పదిహేనేళ్లు చెప్పాడు. జీపులో, ఒకటే పాట. నేల కింద రైళ్లు. లెనిన్‌గ్రాడ్‌లో ఊరి నడుమ నది, అందులో నీళ్లు కూడా ఉంటాయట. పెన్నను మాత్రమే చూసిన నబీ రసూల్ ఇది నమ్మలేదు. "అన్నిటికంటే ఒకటుంది రా రసూలూ. బజార్లో ఒక్కణ్నే నడిచినా. నా ఎనక ఒక్క నా కొడుకు లేడు." ఇక్కడికి వచ్చేసరికి పెద్దాయన గొంతు మారేది. వెనక కూర్చున్న ఇద్దరూ నొచ్చుకునేవారు.

తన దారి ఇంట్లో చెప్పలేని నబీ రసూల్ ఇది మాత్రం పూస గుచ్చినట్టు చెప్పేవాడు. అలా ఖమర్‌బీకి మొగుడు తిరిగిన రోడ్లు తెలియవు గాని మాస్కో వీధులు తెలుసు.

రెండువేల పద్దెనిమిదిలో బైపాసు పక్కన వాళ్ల చిన్న స్థలం అమ్ముడుపోయింది. అతనికి అరవై నాలుగు, ఆమెకు యాభై తొమ్మిది.

"ఆ ఊర్లకు పోదాం. ఇద్దరమే" అంది.

హజ్‌కు పోకుండా రష్యా ఏంది అని ఆమె చెల్లెలు బిస్మిల్లా బీ దెప్పింది. "హజ్‌కు రెండు తూర్లు పేరేసినాం. లాటరీలో రాల్యా. రష్యావోళ్లు లాటరీ ఎయ్యరంట" అంది ఖమర్‌బీ.

పొద్దుటూరులో షరీఫ్‌కు టికెట్ల దుకాణం ఉంది. కువైట్‌కు మనుషుల్ని పంపుతాడు. రష్యాకు ఇంతవరకు ఎవరినీ పంపలేదు. వీసాకు ఏ రోజు ఏ ఊళ్లో ఉంటారో రాయాలి మామా అన్నాడు. నబీ రసూల్ తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, ముందు మాస్కో, తర్వాత లెనిన్‌గ్రాడ్, అంటే ఇప్పటి పీటర్స్‌బర్గ్ అన్నాడు. మర్నాడు వచ్చి తిరగేయమన్నాడు. మూడో రోజు వచ్చి, రెండూ అట్లనే ఉండనిచ్చి, కజాన్ అనే ఇంకో ఊళ్లో కూడా ఒక గది రాయించమన్నాడు.

"కజాన్‌కు పోతారా?"

"పోము. పోతామని అనుకోవాల."

"ఎవురు?"

నబీ రసూల్ మళ్లీ తలుపు వైపు చూశాడు.

"మామా, అది మాస్కో. ఆడ నిన్నేసేదానికి ఎవుడుండాడు?"

"అదే తెలీదు గదా. తెలీనప్పుడే శానా జాగ్రత్తగుండాల."

షరీఫ్ ఖమర్‌బీకి ఫోన్ చేశాడు. ఆమె ఆటో ఎక్కి వచ్చింది. మూడు కాగితాలూ ఆమె ముందు పరిచాడు. చదివింది. భర్త వైపు తిరిగింది.

"నాకు నాలుగోది చెప్పినావు."

అతను కజాన్ కాగితాన్ని బోర్లా తిప్పాడు.

"ఇమానానికి బెంగళూరు పోయే బస్సు గురించి అత్తకు ఏం చెప్పినావు మామా?" అన్నాడు షరీఫ్, నిప్పు చాలలేదన్నట్టు.

"పొద్దుటూరులో ఎక్కి పులివెందుల్లో దిగి ఇంకో బస్సెక్కాలంట" అంది ఆమె. "ఎందుకయ్యా అంటే నోరు తెరవడు."

ఖమర్‌బీ మూడు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టింది. "ఇను. నాకు ఒక్క కాగితం కావాల. ఏ పొద్దు యాడుంటామో దాంట్లో ఉండాల. అది నిజం గావాల. అది నీ నోట్నుంచి రావాల. రాలేదంటే నేను రాను. నువ్వొక్కనివే పో. మీ పెద్దాయన మాదిరి బజార్లో తిరిగి రా."

ఆమె వెళ్లిపోయింది.

రెండు రోజులు అతను ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాడు. అతనికి అబద్ధం చెప్పడం అలవాటని ఊరివాళ్లు అనుకున్నారు. కష్టం అది కాదు. తర్వాతి కూడలి దాటి ఆలోచించడమే అతనికి రాదు. మొదటి రోజు మాస్కో అనుకునేవాడు. రెండో రోజు దగ్గర ఆగి, భుజం మీద చేయి కోసం చూసేవాడు. ఎవరూ తట్టేవారు కాదు.

మూడో రోజు పొద్దున దుకాణం తెరవక ముందే మెట్ల మీద ఉన్నాడు. లోపలికి వెళ్లి కూర్చుని కళ్లు మూసుకుని చెప్పాడు. ఏడు రోజులు. మాస్కోలో మూడు, పగటి రైలు, పీటర్స్‌బర్గ్‌లో మూడు. చెమటలు పోశాయి. షరీఫ్ ఫ్యాను పెంచి, రాసుకుని, చివరికి "కజాన్?" అన్నాడు.

"తీసెయ్."

కాగితాన్ని ఖమర్‌బీ నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది. నమ్మినట్టు చెప్పలేదు.

బయలుదేరే రోజు ఉదయం పొద్దుటూరు బస్టాండులో టీ తాగుతుండగా పాలయ్య కనబడ్డాడు. ఒకప్పుడు పెద్దాయన వెనక కూర్చున్న ఇద్దరిలో ఒకడు. ఇప్పుడు పళ్లు లేవు.

"ఏం రసూలూ, పెట్టెలు పట్టుకుని యాడికి?"

పోయే మనిషిని ఎక్కడికి అని అడగడం ఎక్కడైనా తప్పే. వీళ్ల కొలువులో అది నేరం. ఖమర్‌బీ గ్లాసు నోటి దగ్గరే ఆపింది. "వేంపల్లె" కోసం ఎదురు చూసింది.

నబీ రసూల్ గొంతు సవరించుకున్నాడు. "ఎనిమిదిన్నర బస్సుకు బెంగళూరు. ముద్దనూరు, పులివెందుల, కదిరి మీద. నడుమ దిగము. రేపు మాస్కో. మూడు పొద్దులు. మళ్ల పగటి రైలుకు పీటర్స్‌బర్గ్. ఆడ నది పక్కనే దిగుతాం. నీళ్లుండే నది. వచ్చే గురువారం ఈ పాటికి ఈడ బస్సు దిగుతాం."

ఆమె కాగితం తీసి, అతను చెబుతున్నకొద్దీ వేలితో ఒక్కో వరుసా చూసింది.

పాలయ్య బోసినోరు తెరిచి నవ్వాడు. "చెప్పకుంటే మాన్లే సామీ. నాతో ఎందుకు అబద్దాలు?"

అతను వెళ్లిపోయాడు. ఖమర్‌బీ వేలు చివరి వరుస మీద ఆగింది.

"దీంట్లో శుక్రవారం ఉంది."

నబీ రసూల్ టీ పూర్తి చేసి, గ్లాసు కింద పెట్టి, అటూ ఇటూ చూసి, ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"గురువారం వానికి. శుక్రవారం నీకు."