రెండో డిస్కుకు ఎర్ర పోగు

దయ్యాల ముచ్చట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే రకాన్ని నేను. కోరుట్లలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నాది. కరెంటు అందితే వస్తువు పనిచేస్తుంది, అందకపోతే చేయదు. నాకు తెలిసిన వేదాంతం అంతే.

మా పాప శ్రీజ తలలో చిన్న గడ్డ ఉందని కొన్నేళ్ల కింద తెలిసింది. మందులతో సరిపోతుందన్నారు. మొన్న వానాకాలంలో మళ్లీ తలనొప్పి, వాంతులు మొదలైతే కరీంనగర్ ఆస్పత్రిలో చేర్చాం. గడ్డ ఎంత పెరిగిందో చూడాలి, పాత స్కాన్ తెస్తేనే ఆపరేషన్ సంగతి తేల్చగలం అన్నాడు డాక్టరు. ఆ స్కాన్ తీసిన సెంటరు మూతపడింది. వాళ్లిచ్చిన సీడీ గీతలు పడి తెరుచుకోవడం లేదు. ఇక ఒక్కటే దిక్కు, సిరిసిల్లలో మా అన్న కంప్యూటరు. అప్పట్లోనే అన్న ఆ సీడీని అందులోకి ఎక్కించి పెట్టాడు.

అన్న పోయి ఏడాది కావస్తోంది. వైపని చేసేవాడు. మగ్గం మీద నూలు చుట్టిన పాత బీము అయిపోవస్తే, దాని పోగులకు కొత్త బీము పోగులను ఒక్కొక్కటిగా ముడేసి అతకడం ఆ పని. వేళ్లకు బూడిద అద్దుకుని గంటల తరబడి కూర్చునేవాడు. "పాతది తెంపినంక ఇగ అతుకుడేందిరా? అది ఉండంగనే కొత్తది కలపాలె" అనేవాడు. కంప్యూటరు లోపలి వైర్లను కూడా ఎర్ర పోగుతోనే కట్టుకున్నాడు. నేను ఎగతాళి చేసేవాణ్ణి.

ఆ పాత కంప్యూటరులో విండోస్ పాడైందని వదిన ఫోన్లో చెప్పింది. జగిత్యాలలో ఇంకో హార్డ్ డిస్కు కొని, దోస్తు దుకాణంలో దాని మీద విండోస్ ఎక్కించుకుని సిరిసిల్ల బస్సెక్కాను. దీన్ని రెండోదిగా తగిలిస్తే కంప్యూటరు దీని మీద నడుస్తుంది, పాతదాంట్లోని స్కాన్ తీసుకోవచ్చు.

వదిన తాళంచెవి నాకిచ్చి కుట్టుపనికి పోయింది. ఆత్రంలో నేను అన్న కట్టిన పోగు కత్తిరించి, పాత డిస్కు వైరు పీకి కొత్తదానికి పెట్టాను. పాతదాన్ని పక్క వైరుకు తగిలించాను. కంప్యూటరు నడిచింది గానీ పాత డిస్కు కనిపించలేదు. సాకెట్లు మార్చాను, వైర్లు ఊది పెట్టాను. లోపల టిక్కుటిక్కుమని చప్పుడు తప్ప ఏమీ లేదు.

అంతలో కరెంటు పోయింది. వీధిలో సాంచాలన్నీ, అదే మరమగ్గాలన్నీ, ఒక్కసారి ఆగాయి. ఉక్కకు తట్టుకోలేక బయటికొచ్చి, కోతులు దూరుతాయని తలుపుకు తాళం వేసి, గడప ముందే కూర్చున్నాను. వెనక గుమ్మం లేని ఇల్లు అది.

ఆస్పత్రి నుంచి మా ఆవిడ ఫోన్ చేసింది. "దొరికిందా? పిల్ల మళ్ల కక్కింది. డాక్టర్ అడుగుతున్నడు." ఫోన్ పెట్టేసి ఏడ్చాను. "అన్నా, ఏం జెయ్యాల్నో చెప్పరాదే" అని పైకే అన్నాను.

కరెంటు వచ్చింది. తాళం తీసి ఆన్ చేశాను. తెర మీద రెండు డిస్కులూ ఉన్నాయి. శ్రీజ పేరుతో ఫోల్డరు కూడా ఉంది. గబగబా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటరు ఆపి, అప్పుడు లోపలికి చూశాను.

పాత డిస్కు తన పాత వైరుకే ఉంది. కొత్తది పక్క వైరుకుంది. రెండు వైర్లనూ కలిపి ఎర్ర పోగుతో ముడి వేసి ఉంది. కొత్త డిస్కు మీద బూడిద వేలిముద్ర. నేను కత్తిరించిన పోగు ముక్క మాత్రం నేల మీదే పడి ఉంది.

వదిన వచ్చి ఆ ముడిని ముట్టుకుని చూసింది. "మీ అన్న ముడే గిది తమ్మీ. ఓ కొస పొడుగ్గ ఇడుస్తడు గదా. తెంపకు" అంది. అన్న పోయాక ఆ ఇంట్లో వేరే ఎర్ర పోగూ లేదు, బూడిదా లేదు.

కంగారులో వైర్లు నేనే మార్చి మరిచిపోయానేమోనని నాకు నేను సర్దిచెప్పుకుని చూశాను. సరే, మరి ముడి? నాకు ఆ ముడి వేయడం రాదు.

ఆపరేషన్ అయింది. శ్రీజ బడికి పోతోంది. ఆ కొత్త డిస్కును ముడి విప్పకుండా అక్కడే వదిలేశాను. ఇది ఎట్లా జరిగిందో ఈరోజుకీ చెప్పలేను. నన్ను తినేసేది వేరే సంగతి. తలుపుకు ఇవతల నేను ఏడుస్తూనే ఉన్నాను. లోపలి దాకా వచ్చినోడివి, ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే ఏంబోయె అన్నా?