పెళ్ళికి రాని జేజినాయన

కర్నూలులో మా వీధి మలుపు దగ్గర సాయంత్రం పూట ఇద్దరు ఆడవాళ్ళు కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు కాలుస్తుంటారు. పెనం మీది రొట్టెను తడిగుడ్డతో అద్దినప్పుడు లేచే ఆవిరి వాసనకు నేను స్కూటీ ఆపకుండా ఉండలేను. ఆ వాసనతో బనగానపల్లె దగ్గరి మా ఊరు, పొయ్యి ముందర మా మేనత్త రీతత్త, ఆమె వెనకాలే మా జేజినాయన గుర్తుకొస్తారు.

జేజినాయన రాయప్ప, మా నాయనకు నాయన, మా ఊరి చర్చికి ఉపదేశి. ఫాదరు నెలకొకసారి వచ్చిపోయేవాడు. మిగతా దినాల్లో జపాలు చెప్పించడం, పిల్లలకు పది ఆజ్ఞలు నేర్పడం, ప్రాణం పోయేవాళ్ళ పక్కన కూర్చోవడం, పెళ్ళిళ్ళకు ముందు మూడు ఆదివారాలు జంట పేర్లు చదివి “ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి” అని అడగడం అన్నీ ఆయన పనే. ఎండాకాలం కాళ్ళు బొబ్బలెక్కేంత కాలే నాపరాళ్ళ మెట్ల మీద మేం చింతపిక్కలు ఆడుకుంటుంటే, ఆయన ఒట్టి కాళ్ళతోనే వచ్చి గంట కొట్టేవాడు. ఈస్టరుకు ముందరి తపసుకాలం నలభై దినాలూ పొద్దున మజ్జిగ, రాత్రి సంగటి, అంతే. క్రిస్మస్‌కు మాత్రం వెదురుబద్దలతో నక్షత్రం కట్టి, తీపి ఓళిగల మీద నెయ్యి పోయించి, పొలం పనికొచ్చేవాళ్ళను కూడా కూర్చోబెట్టి తినిపించేవాడు.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు, తపసుకాలంలోనే, రీతత్త రేకుపెట్టెతో బస్సు దిగింది. మొగుడు బళ్ళారిలో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అడిగినందుకు ఈమె చేయి విరిచాడు. జేజినాయన పెట్టె అందుకుని “ఇంక పోవద్దులే” అన్నాడు. నంద్యాల కోర్టుకు వాయిదా వాయిదాకూ ఆమెకు తోడు పోయింది ఆయనే. విడాకులొచ్చిన దినం ఆమె విరిగి అతుక్కున్న చేతిని పట్టుకుని రోడ్డు దాటించాడని మా నాయన చెప్పేవాడు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. ప్రొద్దుటూరులో టైలరు పని చేసే జోజప్ప అనే ఆయన, పెళ్ళాం చనిపోయి ఒంటరిగా ఉన్నవాడు, అత్తను చేసుకుంటానని అడిగాడు. అత్తకూ ఇష్టమే. చట్టానికి అడ్డం లేదు. అడ్డమల్లా చర్చిదే, మొదటి మొగుడు బతికుండగా ఇంకో పెళ్ళిని ఒప్పదు. మొదటి పెళ్ళి చెల్లదని బిషప్పు గారి దగ్గర తేలితే దారి దొరకొచ్చని ఫాదరు చెప్పాడు. దానికి కావలసిన సాక్ష్యం కోసం మొదటి మొగుడికి ఉత్తరాలు రాశారు. బళ్ళారి నుంచి ఒక్క జవాబూ రాలేదు. ఏడాది గడిచింది.

ఒక మధ్యాహ్నం వసారాలో అందరం శనక్కాయలు ఒలుస్తుండగా మా నాయన ఆ మాట ఎత్తాడు.

“కోర్టే ఇడిపించినాక నీకేం అడ్డముండాది నాయనా?”

“కోర్టు చేసింది తప్పంటాన్నా నేను?” అన్నాడు జేజినాయన. “వాని చేతిలోంచి పాపను కాపాడింది. ఇంకో పెళ్ళి చేసుకోవచ్చని కూడా చట్టం చెప్తాది, చెప్పనీ. అయితే దేవుని ముందర ఈ పాప మాట ఇచ్చినప్పుడు సాక్షిగా నిలబడినోణ్ణి నేను. ఆ మాటే ల్యాదని యాడ చెప్పేది?”

అత్త తలెత్తలేదు. “నాకు ముప్పై ఏండ్లు కూడా నిండలా నాయనా. ఇట్లే ఉండాల్నా?”

ఆయన చేతిలోని కాయను ఒలవకుండానే కుప్పలో వేశాడు. “ఉండమని చెప్పల్యాను. పెళ్ళికి రాను. నీ ఇంటికొస్తా.”

ఊళ్ళో రెండు రకాల మాటలు లేచాయి. ఆమెను ఇంట్లోంచి పంపించమని సంఘం పెద్దలు. కన్నబిడ్డ పెళ్ళికి పోనివాడు ఏం తండ్రి అని చుట్టాలు. రెంటినీ ఆయన తువాలు మడత పెట్టుకుంటూ విన్నాడు.

రిజిస్ట్రారు ఆఫీసుకు పోయే పొద్దున సన్నగా తుంపర. అత్త పెట్టెను జేజినాయనే నెత్తిన మోసుకొచ్చి బస్సెక్కించాడు. కిటికీ పక్కన నేను కూర్చున్నాను. బస్సు కదిలేదాకా ఆయన కిటికీ కమ్మీ పట్టుకునే ఉన్నాడు. అత్త పక్క ఊరు దాటేదాకా ఏడవలేదు. ఆఫీసులో పని పది నిమిషాల్లో అయిపోయింది. మా నాయన సాక్షి సంతకం చేశాడు. అందరం జిలేబి తిన్నాం.

ఆ క్రిస్మస్‌కు అత్త, జోజప్ప మామ వచ్చారు. మా చర్చిలో మగవాళ్ళు కుడి పక్క, ఆడవాళ్ళు ఎడమ పక్క చాపల మీద కూర్చుంటారు. అత్త ఎడమ పక్క చివరన, వాకిలి దగ్గర కూర్చుంది. ఫాదరు ఇచ్చే సత్ప్రసాదానికి అందరూ లేచినా ఆమె లేవలేదు, చర్చి ఒప్పని పెళ్ళి చేసుకున్న తనకు ఇవ్వరని తెలుసు. జేజినాయన అందరికంటే ముందు పోయి తీసుకున్నాడు. వెనక్కి తిరిగి, హార్మోనియం పక్కనున్న తన చోటు దాటి, ఆడవాళ్ళ మధ్యలోంచి నడిచి, అత్త పక్కన చాప మీద కూర్చున్నాడు. పాట ఒక్క చరణం తడబడింది. ఫాదరు చూసి, చూపు పుస్తకం మీదికి తిప్పుకున్నాడు.

ఆ తర్వాత ఆయన చర్చిలో ఎప్పుడూ ముందు వరసలో కూర్చోలేదు. పెళ్ళి పేర్లు చదివే పని కూడా వేరే ఆయనకు అప్పజెప్పాడు. ఎందుకని ఆయన భార్య, మా జేజి, అడిగితే “అభ్యంతరముందా అని అడిగే నోరు నాది గాదు ఇంక” అన్నాడట. నెలకొకసారి ప్రొద్దుటూరు పోయి, జోజప్ప మామ కుట్టిన చొక్కా తొడుక్కుని వచ్చేవాడు.

ఇప్పుడు మా ఊళ్ళోనే ఫాదరు ఉంటాడు. ఉపదేశి లేడు. పెళ్ళి పేర్లు ఫోన్లో గ్రూపుకు వస్తాయి, కింద అందరూ పూల బొమ్మలు పెడతారు. చదివి వినిపించి, ఆగి, అందరి ముఖాలూ చూసే మనిషి లేడు.

మొన్న ప్రొద్దుటూరు పోయినప్పుడు అత్తను అడిగాను, పెళ్ళి దినం జేజినాయన రాలేదని బాధ లేదా అని. ఆమె కుట్టుమిషను మీద దుమ్ము తుడుస్తూ చెప్పింది.

“శానా బాధపడినా. అయితే ఆ పొద్దు నాయన చుట్టాల మాటకు లొంగి వచ్చింటే, తర్వాత నా ఇంటికి వచ్చినప్పుడు నాకోసం వచ్చినాడో, జనం కోసం వచ్చినాడో నాకు తెలిసేది గాదు.”