కర్జత్ సైన్సు క్యాంపులో పడని గడియ

ఎనభైల మధ్యలో, నేను ఎనిమిదో తరగతి పూర్తిచేసిన వేసవిలో, మా మునిసిపల్ తెలుగు బడి సైన్సు టీచరు ఆడపిల్లల క్యాంపుకు నా పేరు రాశారు. కర్జత్ దగ్గర మూడు రోజులు, రెండు రాత్రులు. ఫీజు లేదు, దారిఖర్చులే మనవి. తాపీమేస్త్రీ అయిన నాయన ఒప్పుకోలేదు. కామాటిపురాలో మా చాల్, అంటే వరస గదుల కూలీల ఇల్లు, వేశ్యావాటికగా పేరుపడ్డ ఫాక్‌లాండ్ రోడ్డుకు దగ్గర. దీపాలు పెట్టాక నన్ను కుళాయి దాకా కూడా ఒంటరిగా పంపేవాడు కాదు. టీచరు రెండుసార్లు ఇంటికొచ్చి నచ్చజెప్పాక ఒక షరతు పెట్టాడు. "నేను గూడ వస్త. జాగ నచ్చకుంటే సాయంత్రం బండికే పోరిని తోల్కొస్త."

ఉదయం ఆరింటికి బయలుదేరి ఇరవై నిమిషాలు నడిచి బైకుల్లా స్టేషను చేరాం. అక్కడి నుంచి కర్జత్ లోకల్ రైల్లో రెండు గంటల పైమాటే. కల్యాణ్ దాటాక కిటికీ దగ్గర చోటు దొరికింది. అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె నేను తిన్నాను, నాయన ముట్టలేదు. కర్జత్‌లో ప్రభుత్వ ఎస్టీ బస్సెక్కితే అరగంటలో క్యాంపు మలుపు. దిగేముందు నాయన, తిరుగు బస్సు ఆఖరిది ఎప్పుడని కండక్టర్ని అడిగాడు. ఐదున్నరకని తెలిశాక నాకు దిగులు పట్టుకుంది.

సెలవులకు మూసిన ఒక బడిలో క్యాంపు. మరాఠీ వార్డెనమ్మ మేం పడుకునే గది చూపించింది. నాయన కిటికీ ఊచలు లాగి చూశాడు, గోడ తట్టి చూశాడు. తలుపు మూసి గడియ వేయబోతే పడలేదు. ద్వారబంధం కుంగి, గడియ దూరాల్సిన రంధ్రం కిందికి జారింది.

"గడియ పడ్తలేదు బిడ్డా. నడువ్, పోదాం."

నేను కదల్లేదు. ఏడుపు ఆపుకుంటూ, "ఇండ్లు కట్టెటోనివి నాయనా, గిది బాగు చేయరాదా?" అన్నాను.

నాయన గడియ దగ్గర వంగి చూశాడు. తర్వాత వాచ్‌మన్ దగ్గర ఉలి, సుత్తి అడిగి తెచ్చుకుని గంటసేపు కూర్చుని కొత్త రంధ్రం తొలిచాడు. నన్ను లోపలికి పంపి, "గడియ ఏయి" అన్నాడు. వేశాను. బయటి నుంచి భుజంతో మూడుసార్లు గట్టిగా నెట్టాడు. తలుపు కదల్లేదు. అవతల నాయన నవ్వు వినిపించింది. వార్డెనమ్మ చాయ్ ఇస్తే, అందులో ముంచుకుని మిగిలిన రొట్టె తిన్నాడు. ఐదున్నర బస్సుకు ఒక్కడే వెళ్లాడు.

మర్నాడు సూక్ష్మదర్శినిలో చెరువు నీటి చుక్క చూశాను. కంటికి తేటగా కనిపించిన నీళ్లలో ఏవేవో ఈదుతున్నాయి. మూడో రోజు మేం ఫలహారానికి కూర్చోకముందే నాయన గేటు దగ్గరున్నాడు.

"నిద్ర పట్టిందా?"

"మంచిగ పట్టింది. నీకు?"

"ఇయ్యాల పడ్తది."

మరుసటి ఏడాది మా చాల్ నుంచి ముగ్గురు ఆడపిల్లలు వెళ్లారు. వాళ్ల తండ్రులు మా నాయన్ని అడిగి పంపారు. పెద్దయ్యాక రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం చేశాను. చిన్నప్పుడు నాయన మీద కోపం వచ్చింది గానీ, ఆయన భయపడి వద్దనడంతో ఆగిపోలేదు, వచ్చి చూశాడు. నాకు అదే మేలైంది. మీ అమ్మాయిని ఇలాంటి క్యాంపుకు పంపేటట్లయితే పొద్దున బండికే వెళ్లండి. పడుకునే గది తలుపు మీరే వేసి చూడండి. ఏదైనా సరిచేయాల్సి వస్తే వెలుగుండగానే అయిపోతుంది.