జులై ఒకటిన పుట్టినవాళ్లు

షమీమ్ గారి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగితే రాసేవాణ్ణి కాదేమో. ఆవిడ కథ చెప్పాలంటే నా సంగతీ చెప్పుకోవాలి. కానీ రిటైరై ఏడాది కావస్తోంది, మనసు తేలికపడటం లేదు. అందుకే కూర్చున్నాను.

నా పేరు యలమందయ్య. మిర్చి, పత్తి నిల్వచేసే ఒక ప్రభుత్వ సంస్థలో ముప్పై ఏడేళ్లు పనిచేసి, గుంటూరు ప్రధాన కార్యాలయంలో సిబ్బంది విభాగం సూపరింటెండెంటుగా దిగిపోయాను. సంస్థ పేరు ఎందుకులెండి. తొంభై గిడ్డంగులు, కోల్డ్ స్టోరేజీలు, రెండు వేల పైచిలుకు మనుషులు. ఆ మనుషులందరి బాగోగులు, చేరికలు, బదిలీలు, రాబోయే పదేళ్లలో ఎవరు ఎక్కడ ఉండాలన్న ఆలోచన అంతా షమీమ్ గారి బల్ల మీదే ఉండేది. మానవ వనరుల జనరల్ మేనేజర్ అన్నమాట.

హోదా పెద్దదే. మనిషి మాత్రం వినుకొండలో దూదేకి పరుపులు కుట్టే ఇంటి పిల్ల. మాతోపాటే క్లర్కుగా చేరి, డిపార్టుమెంటు పరీక్షలన్నీ రాసి, ఒక్కో మెట్టూ ఎక్కింది. నేను ఆ పరీక్షలు రాయలేదు. అందుకని మొదట్లో నాకు ఆవిడంటే కొంచెం కుళ్లు ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు. కొత్తగా వచ్చిన పెద్ద అధికార్లు మిర్చి గిడ్డంగిలో కాలు పెట్టగానే తుమ్ములతో అల్లాడిపోయి బయటికి పరిగెత్తుతారు. ఆవిడ తుమ్మేది కాదు. బస్తాల మధ్య నిలబడి గంటసేపు మాట్లాడేది.

ఆ కుర్చీలో కూర్చున్న వారానికే నన్ను పిలిచి, "యలమందయ్య గారూ, మన వాళ్లందరి పుట్టిన తేదీలు ఒకచోట రాసి పట్రండి" అంది. ఈవిడకి పనిలేక మా ప్రాణం తీస్తోందనుకున్నాను. పని నేను చేయలేదు లెండి. మా సెక్షన్లో కాంట్రాక్టు మీద పనిచేసే శ్రీరమ్య చేసింది. రోజూ పొన్నూరు నుంచి బస్సులో వచ్చే పిల్ల, ఏడేళ్లుగా అదే కుర్చీ, అదే జీతం. నాలుగు రోజుల్లో కంప్యూటర్లో ఎక్కించి తెచ్చింది. చూస్తే మూడు వందల పదకొండు మంది ఒకే ఏడాది, జులై ఒకటో తారీఖున పుట్టారు. అందులో నేనున్నాను, షమీమ్ గారూ ఉన్నారు.

నేను పగలబడి నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

మా కాలంలో ఈ పల్లెల్లో పుట్టిన తేదీ ఎవడికి గుర్తు? బడిలో వేసేటప్పుడు మాస్టారు అడిగితే, మా అమ్మ హనుమాయమ్మ "మాఘమాసంలో అండీ, మిరప కోతలప్పుడు నొప్పులొచ్చినయ్" అంది. షమీమ్ గారి నాన్న "పత్తి తీతలప్పుడు" అన్నాడట. ఏ ఊరి మాస్టారూ లెక్కకట్టే శ్రమ పెట్టుకోలేదు. బళ్లు తెరిచి అప్పటికి మూడు వారాలైంది కాబట్టి అందరికీ జులై ఒకటి వేసేశారు. తర్వాత మా సంస్థ ఒకే విడతలో మా వయసు వాళ్లని తట్టలతో ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. ఆ తేదీన పుట్టినవాడికి జూన్ ముప్పై సాయంత్రం ఉద్యోగం ముగుస్తుంది. అంటే ఒక్క సాయంత్రం మూడు వందల పదకొండు మంది లేచి ఇంటికి పోతారు, స్టోరేజీలు నిండుగా ఉన్న జూన్ నెలలో.

పోయేది కూడా ఎవరనుకున్నారు? సగానికి పైగా మెషీన్ల దగ్గర వాళ్లు. వినుకొండ కోల్డ్ స్టోరేజీలో రంజాన్ అనే ఆపరేటర్ ఉండేవాడు. కంప్రెసర్ చప్పుడు వింటూ నిద్రపోయేవాడు, చప్పుడు మారితే లేచేవాడు. చలికి వాడే అమ్మోనియా గ్యాసు ఎక్కడ కారుతుందో మీటరు కంటే ముందు చెప్పేవాడు. అలాంటి పనితనం కాయితం మీద రాసి ఇచ్చేది కాదు.

షమీమ్ గారు ఒక పథకం వేసింది. దిగిపోయే ప్రతి మనిషి పక్కనా ఏడాదిపాటు ఒక కాంట్రాక్టు మనిషిని జంటగా పెట్టడం, జులై ఒకటిన ఆ జంటనే ఆ పోస్టులో పర్మినెంటు చేయడం. ఆఫీసులో మేమంతా ఆవిడకి పెళ్లిళ్ల పేరమ్మ అని పేరు పెట్టాం. అప్పటి ఎండీ గారు ఎగిరి గంతేశాడు. "చెయ్యండి మేడమ్, ఉత్తర్వు నేను తెప్పిస్తా" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆవిడ తొంభై గిడ్డంగులూ తిరిగి, "ఏడాది కష్టపడండి, ఆ కుర్చీ మీది" అని స్వయంగా చెప్పింది. కాయితం లేని మాట ఇవ్వొద్దని నేను అన్నాను. "కాయితం వచ్చేదాకా ఆగితే నేర్పే వాళ్లుండరండి" అంది. ఇద్దరం నిజమే చెప్పాం.

నాకు జంటగా శ్రీరమ్యని వేసింది. ఏడాదిపాటు ఆ పిల్లకి సర్వీసు రిజిస్టర్లు, పెన్షన్ కాయితాలు, రూల్సు తిట్టి తిట్టి నేర్పాను. నా కంటే బాగా నేర్చుకుంది.

ఫైలు ఆర్థిక శాఖకి వెళ్లింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా! పదకొండు సార్లు ఏదో ఒక సందేహంతో వెనక్కి వచ్చింది. పదకొండు సార్లూ ఆవిడే జవాబు రాసి, ఆవిడే పట్టుకెళ్లి, వరండాల్లో నిలబడింది. మార్చిలో ఎండీ గారు బదిలీ అయ్యాడు. కొత్తాయన "చూద్దాం" అన్నాడు. అప్పటినుంచి ఆవిడ అన్నం సరిగా తినలేదు. మధ్యాహ్నం డబ్బా మూత తీసి మళ్లీ మూసేయడం నేను చూశాను.

ఏప్రిల్లో వినుకొండ వెళ్లాం. రంజాన్‌కి జంట బుడే, నలభై దాటిన మనిషి. చిలకలూరిపేట దగ్గర ప్రైవేటు స్టోరేజీ వాళ్లు ఎక్కువ జీతానికి పిలుస్తున్నారట. చేతులు కట్టుకుని నిలబడి అడిగాడు.

"ఉండమంటారా, పొమ్మంటారా మేడం గారూ? మీరేం చెప్తే అదే చేస్తా."

ఆవిడ తిరుగుతున్న కంప్రెసర్ వైపు చూసింది. చివరికి "ఉండు బుడే" అంది. కారెక్కాక నర్సరావుపేట దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. అక్కడ మాత్రం, "పొమ్మనాల్సింది కదండీ?" అని నన్ను అడిగింది. నేను నిద్రపోతున్నట్టు నటించాను.

జూన్ ఇరవై ఏడున ఉత్తర్వు వచ్చింది. జూన్ ముప్పై ఉదయానికి ఖాళీగా ఉన్న పోస్టుల్లో జంట మనుషుల్ని పర్మినెంటు చేయొచ్చు. ఆ తర్వాత ఖాళీ అయ్యే పోస్టులన్నీ రద్దు, ఆ జంటల కాంట్రాక్టులు కూడా అదే రోజుతో సరి. మా పోస్టులు ఖాళీ అయ్యేది ముప్పై సాయంత్రం. ఒక్క పూట తేడాతో మూడు వందల పదకొండూ పోయాయి. ఆ రాసినవాడికి తెలిసే రాశాడో, తెలియక రాశాడో నాకిప్పటికీ తెలియదు. తెలిసే రాసుంటే మాత్రం వాడి నోట్లో మన్ను పడ.

నేను గదిలోకి వెళ్లేసరికి షమీమ్ గారు బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. ముప్పై ఏడేళ్లలో ఆవిడ ఏడవటం నేను చూసింది అదొక్కసారే. "మాట ఇచ్చానండీ... ఒక్కొక్కడి మొహం చూసి ఇచ్చాను" అంది. నేను మంచినీళ్లు పెట్టి బయటికి వచ్చేశాను.

అరగంటకి పిలిచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, చేతిలో రూల్సు పుస్తకం ఉంది. స్వచ్ఛంద విరమణకి మూడు నెలల నోటీసు కావాలి. కానీ మా స్థాయి ఉద్యోగులకి ఆ నోటీసు మాఫీ చేసే అధికారం జనరల్ మేనేజర్‌దే. ఇరవై తొమ్మిది సాయంత్రానికి ఎవరు సంతకం పెట్టి దిగిపోతే, ముప్పై ఉదయానికి ఆ పోస్టు ఖాళీ. ఆ జంట మనిషి నిలబడతాడు.

"ఒక్క రోజు ముందు దిగిపొమ్మని అందర్నీ అడుగుదాం" అంది.

చేతిలో రెండు రోజులే ఉన్నాయి. శ్రీరమ్య మూడు వందల పది కాయితాలు టైపు చేసింది. కార్లలో, బస్సు డ్రైవర్ల చేతుల్లో, వాట్సాప్‌లో పంపాం. కొత్త ఎండీ ఫోన్ చేసి ఏమిటీ గోల అన్నాడు. "నా సంతకం చెల్లే రోజులు ఇంకా మూడున్నాయండీ" అని పెట్టేసింది.

ఫోన్లలో ఆవిడ బతిమాలటం వినలేకపోయాం. జూన్ ముప్పైన దిగినవాడికి జులై ఇంక్రిమెంటు పెన్షన్లో కలుపుతారన్న ఆశతో కొందరు వద్దన్నారు. ఒక్కరోజు ముందు పంపిస్తే ఏదో తప్పు చేస్తే తీసేశారనుకుంటారని కొందరన్నారు. ముప్పైన సన్మానానికి చుట్టాల్ని పిలిచేశామన్నారు ఇంకొందరు. తమ పక్కన ఏడాది పనిచేసిన మనిషి అదే గదిలో నిలబడి వింటుండగానే అన్నారు.

వినుకొండకి తనే వెళ్లింది, నన్నూ వెంట తీసుకెళ్లింది. రంజాన్ భార్య షాజాదీ గడపలోనే అడ్డం నిలబడింది. "ఇన్నేళ్లు చేశాడమ్మా, ఆఖర్న మచ్చ పెడతారా?" అంది.

షమీమ్ గారు గడప బయటే నేల మీద కూర్చుంది. "మచ్చ కాదక్కా. మీ ఆయనా నేనూ ఈ యలమందయ్య గారూ, ఎవరం జులైలో పుట్టాం? ఈ తేదీ మనది కాదు, మాస్టారిది. ఆయన రాసినదానికి బుడే బిడ్డలు ఎందుకు పస్తుండాలి?"

రంజాన్ లోపల్నుంచి వచ్చాడు. "ఇట్టా తే, షమీమమ్మా" అని కాయితం తీసుకుని, గోడకి ఆనించి సంతకం పెట్టాడు. బుడే వీధి అవతల నిలబడి ఇటు చూడలేక చూస్తున్నాడు.

గుంటూరు చేరేసరికి ఇరవై తొమ్మిది సాయంత్రం ఆరయింది. అప్పటికి నలభై ఆరు సంతకాలు వచ్చాయి. షమీమ్ గారు నా బల్ల దగ్గరికి వచ్చి నా కాయితం నా ముందు పెట్టింది. పక్క బల్ల మీద శ్రీరమ్య టైపు చేయడం ఆపింది.

ఏం చెప్పను? భయం వేసింది. ఈ హడావిడిలో ఎవడో ఆడిటర్ రేపు ఈ సంతకాలు చెల్లవంటే నా పెన్షన్ ఏంగాను? వందమంది పెన్షన్లు ఆగటం చూసిన కళ్లివి. "ఇంట్లో ఒక మాట అడిగి పొద్దున చెప్తా మేడమ్" అన్నాను.

"పొద్దుటికి పనికిరాదండి. ఇప్పుడే ఫోన్ చేయండి."

ఫోన్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాను. మా ఆవిడ వెంకటేశ్వరమ్మ ఎత్తింది. "ఆలస్యమవుద్ది, నువ్వు తినేసెయ్" అని పెట్టేశాను. వెనక్కి వచ్చి, "వద్దంటోంది మేడమ్" అన్నాను.

షమీమ్ గారు నా మొహంలోకి చూసింది. "పర్లేదండి" అని ఆ కాయితం మడిచి తీసుకుపోయింది. శ్రీరమ్య మాత్రం చూడలేదు. కిటికీ పక్కనే దాని బల్ల. నేను ఫోన్లో ఏమన్నానో అంతా వింది.

మర్నాడు సన్మానం చేశారు. రెండు వందల అరవై అయిదు దండలు, అరవై అయిదు కిలోల మిఠాయి. షమీమ్ గారి పోస్టుకి జంట లేదు కాబట్టి నిలబడిన నలభై ఆరుగురి ఉత్తర్వుల మీద సంతకాలకి ఆవిడ చివరిదాకా ఉంది. మాట్లాడమంటే లేచి నిలబడి, "నన్ను నమ్మినవాళ్లు నన్ను క్షమించాలి" అని కూర్చుంది. ఇప్పుడు వినుకొండలో ఉంటోంది. నెలకోసారి బస్సెక్కి ఆర్థిక శాఖకి వెళ్లి, ఉద్యోగం పోయిన వాళ్ల పేర్లతో అర్జీ ఇచ్చి వస్తుందట. ఒకప్పుడు కారు తిన్నగా లోపలికి వెళ్లిన గేటు దగ్గర ఇప్పుడు పాసు కోసం లైన్లో నిలబడుతోందని రంజాన్ చెప్పాడు. బుడే వినుకొండ స్టోరేజీలోనే పర్మినెంటుగా ఉన్నాడు. శ్రీరమ్య ఎక్కడుందో నేను కనుక్కోలేదు.

ఆ ముప్పై సాయంత్రం నా సర్వీసు రిజిస్టర్లో చివరి మాట రాసింది శ్రీరమ్యే. నేను నేర్పినట్టే, దిద్దుబాటు లేకుండా రాసింది. 'పదవీ విరమణ.' కింద గీత కొట్టి 'పోస్టు రద్దు' అని రాసింది. తర్వాత పుస్తకం మొదటి పేజీ తిప్పి, పుట్టిన తేదీ మీద వేలు పెట్టింది.

"సార్, మీరు మిరప కోతలప్పుడు పుట్టారని ఒకసారి చెప్పారు. మాఘం కదండీ?"

అవునన్నాను. అది పుస్తకం మూసి, తన టిఫిన్ డబ్బా తీసుకుని, పొన్నూరు బస్సుకి వెళ్లిపోయింది.

మాఘంలో పుట్టిన లెక్కన నా ఉద్యోగం ఫిబ్రవరిలోనే అయిపోవాలి. నాది కాని నాలుగు నెలలు కూర్చుని తిన్నాను. ఒక్క రోజు ఇమ్మంటే ఇవ్వలేకపోయాను.